గేదె దూడల పెరుగుదల: మేత, జాతి

ఆరుబయట మేసే గేదె దూడ ఎంత త్వరగా ఎదుగుతుందన్నది జాతి కన్నా మొదటి ఆరు నెలల తిండి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ముర్రా దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలు తూగుతుంది. పడ్డ చూలు కట్టే నాటికి దాదాపు 330 కిలోలు ఉండాలి. ఈ 300 కిలోలు రోజుకు అర కిలో చొప్పున పెరిగితే 20 నెలల్లో, పావు కిలో చొప్పునైతే 40 నెలల్లో వస్తాయి. పది నెలల చూలు కాలాన్ని కలిపితే తొలి ఈత ఒక పడ్డకు రెండున్నరేళ్లకు, అదే జాతిలోని మరో పడ్డకు నాలుగేళ్లు దాటాక పడుతుంది.

ఈ తేడాకు మూలం దూడ పొట్టలో ఉంది. దూడ రోగనిరోధక శక్తి దాదాపు లేకుండానే పుడుతుంది. మొదటి గంటల్లో తాగిన ముర్రుపాలే దానికి అండ. ఆపై పాలతోనే సంక్రమించే ఏలికపాములకు రెండో వారంలో మందు పట్టకపోతే తాగిన పాలు ఒంటికి పట్టవు. నెమరు పొట్ట గోడలు దాణా, లేతగడ్డి పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలతోనే ఎదుగుతాయి. పాలు మాత్రమే తాగిన దూడకు పొట్ట ఆలస్యంగా తయారవుతుంది. అందులోని సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే మేతలో 7 శాతం మాంసకృత్తులైనా ఉండాలి. వరిగడ్డిలో ఉండేవి మూడు, నాలుగు శాతమే. కాబట్టి ఇలాంటి ఎండుగడ్డే దొరికే ఎండాకాలపు బీడులో దూడ కడుపు నిండినా ఒళ్లు చేయదు. గుప్పెడు వేరుశనగ చెక్క, కోస్తా మాగాణుల్లో వరి తర్వాత ఎదిగే పిల్లిపెసర ఈ లోటును చాలావరకు తీరుస్తాయి.

ఒకే బీడులో జాఫరాబాదీ దూడ సూరతీ దూడను మించి బరువెక్కుతుంది కదా అనవచ్చు. నిజమే, కానీ ఎదిగాక జాఫరాబాదీ శరీరమే పెద్దది, దానికి కావలసిన మేతా ఎక్కువే. పెద్దయ్యాక ఉండే బరువులో ఎన్నో వంతుకు చేరిందని కొలిస్తేనే పోలిక న్యాయం. కచ్ఛ్‌లోని బన్నీ గేదెలు ఎక్కువగా బీటి మేత మీదే బతుకుతున్నాయన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. అయితే అవి రాత్రిపూట మేస్తాయి. చెమట గ్రంథులు తక్కువైన గేదె పగటి ఎండలో మేయలేదు; చల్లని వేళ దొరికితే ఎక్కువ సేపు మేస్తుంది. అక్కడ జాతి గుణంతో పాటు మేపే పద్ధతీ పనిచేస్తోంది. తెలుగు నేల మీద జరిగింది దీనికి తలకిందులు: నాటు గేదెలను ముర్రాతో కలిపి జాతిని మార్చుకున్నా, చాలా ఇళ్లలో దూడకు పడేది పాత వరిగడ్డే. దున్నదూడకైతే పాలు కూడా సరిగా వదలరు. జాతుల బరువుల పట్టికలు ఎక్కువగా దాణా తూచి పెట్టే ఫారాల్లో తయారైనవి, వాటిని బీటి దూడకు కొలబద్దగా పెట్టలేం.