పానకాలస్వామి కొండయు బందరు గంధకమును

మంగళగిరి కొండపై అర్చకులు శంఖముతో పానకము పోయుచుండగా నరసింహస్వామి ముఖబిలమున గుటకల చప్పుడు వినవచ్చుటయు, సగము తిరిగివచ్చి భక్తులకు ప్రసాదమగుటయు ఎరుగని తెలుగువారరుదు. ఆ కొండ పూర్వమగ్నిపర్వతమనియు, గర్భమందలి గంధకము రగులకుండుటకే పెద్దలు ఈ సేవ నేర్పరచిరనియు చెప్పుకొనుట కలదు. కాని ఆ రాయి తూర్పు కనుమల ప్రాచీన రూపాంతర శిలయేగాని లావా కాదు. బెల్లపునీరు గంధకమును శమింపజేయునను రసాయనశాస్త్రమును నేనెచ్చటను చదువలేదు. భక్తికి ఇట్టి సాక్ష్యముతో పనియు లేదు.

కృష్ణాతీరమున గంధకము నిజముగా నున్నది బందరు చేరువ కోన గ్రామమున, ఆటుపోటుల ఉప్పునీరు నిలుచు పల్లములలో. గోదావరి ముఖమున సూరసానియానమువద్దను ఇట్టిదే కలదని, సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను చూచుకొనిన బెంజమిన్ హైనే కాలమునాటికే తెలిసియుండెను. రెండవ ప్రపంచయుద్ధమున దిగుమతులు తగ్గి, ప్రభుత్వము గంధకమునకై బెలూచిస్థానపు కోహి సుల్తాను అగ్నిపర్వతమును త్రవ్వించుచున్న దినములలో, బెంగుళూరు టాటా విజ్ఞానసంస్థకు చెందిన ఐయా, శ్రీనివాసయ్యగార్లు బందరు గంధకమునంటియున్న సూక్ష్మజీవులను పరిశీలించి, తమ తొలి ఫలితములను 1944లో 'కరెంట్ సైన్స్' పత్రికయందు ప్రకటించిరి.

ఆ సూక్ష్మజీవుల పని ఇట్టిది. లీటరు సముద్రజలమున రెండున్నర గ్రాములకు మించి సల్ఫేటుండును. నిలువనీటి అడుగున గాలి చొరని నల్లని ఒండులో ఒకజాతి సూక్ష్మజీవులు, కుళ్ళిన ఆకులలములు ఆహారముగా, ఆ సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చును. కుళ్ళిన కోడిగ్రుడ్డు కంపు దానిదే. ఆ వాయువు పైకివచ్చి ప్రాణవాయువు సోకినచోట, కొంత తనంతటను కొంత వేరొకజాతి జీవుల వలనను, పచ్చని గంధకమై మట్టిలో చిక్కుకొనును.

ఇట్టి నిక్షేపమునకు వెలకట్టువాడు పసుపువన్నె చూచి మురియరాదు. పల్లమంతట వరుసగా బెజ్జములు వేసి, లోతులోతునకు మట్టి తీసి, ఆరబెట్టి, అందలి గంధకమును కార్బన్ డైసల్ఫైడున కరగించి తూచి, పొర మందమును వైశాల్యముతో గుణించినగాని నిజము తేలదు; తేలినను, త్రవ్వబోవు గోతిలోనికి పోటునీరు దూకక మానదు. అమెరికాలో ఫ్రాష్ కనిపెట్టిన పద్ధతిని, అనగా మరుగు మట్టమును మించిన వేడినీటిని ఒత్తిడితో భూమిలోనికి పంపి, సుమారు 115 డిగ్రీలవద్ద కరగు గంధకమును గొట్టముల ద్వారా పైకి తోడుటను, ఇచటికి తెత్తమనుట వెఱ్ఱి. అది రాతిపొరలలో దట్టముగా నిండిన గంధకమునకేగాని పలుచని ఒండుపొరకు చెల్లదు.

గంధకపు కరవున 1950 ప్రాంతమున ఇంగ్లండు శాస్త్రజ్ఞులు బట్లిన్, పోస్ట్‌గేట్లు లిబియాలో, స్థానికులు గంధకమును ఏరుకొను సరస్సులను పరిశీలించి, సల్ఫేటును సల్ఫైడుగా మార్చు ఆ జీవులనే పెంచి గంధకము పండింపజూచిరి. కోనవంటి చోటికి గనికన్న ఆ ఆలోచనయే తగియున్నదని నా తలపు. అయితే ముడినూనె శుద్ధిలో గంధకము ఉపఫలముగా విశాఖపట్టణమందే లభించుచుండగా, దానికి పెట్టుబడి పెట్టువారెవ్వరు?