సజ్జ–నేపియర్ గడ్డి పుట్టుపూర్వోత్తరాలు

తెలుగు పల్లెలలో పాడి ఉన్న ప్రతిచోటా బోరుబావి కింద పావెకరమో అరెకరమో ఆక్రమించుకొని, మనిషి తలను మించి పెరిగే సజ్జ–నేపియర్ గడ్డికి నిండా నూరేళ్ళ వయసు లేదు. వరి, జొన్న వంటి పంటలను వేల ఏళ్ళుగా రైతులే ఏరి, దాచి, విత్తుతూ తీర్చిదిద్దగా, ఈ గడ్డి మాత్రం ఇరవయ్యో శతాబ్దపు పరిశోధన క్షేత్రాలలో రెండు వేర్వేరు జాతులను కలిపినందువల్ల రూపుదిద్దుకున్నది. ఆ రెండు జాతులకూ పుట్టినిల్లు ఆఫ్రికాయే అయినా వాటి చరిత్రలు వేరు. సజ్జను సహారా ఎడారి దక్షిణపు అంచున నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే సాగులోకి తెచ్చుకున్నారు. క్రీస్తు పూర్వం రెండో సహస్రాబ్దిలోనే అది భారతదేశం చేరి, మెట్టనేలల్లో ఇక్కడి పంటగానే స్థిరపడింది. నేపియర్ గడ్డి మాత్రం ఆఫ్రికా ఉష్ణమండలంలోని నదీతీరాలలో, వానలు దండిగా కురిసే పచ్చిక నేలల్లో ఎవరూ నాటకుండానే పెరుగుతూ, చాలాకాలం సాగు వెలుపలే ఉండిపోయింది.

గినియా తీరంలో పీటర్ థోనింగ్ సేకరించిన మొక్కల ఆధారంగా డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు షూమాకర్ 1827లో దీనిని వర్ణించి, పెన్నిసెటమ్ పర్ప్యూరియమ్ అని నామకరణం చేశాడు. మనుషులు నాటి, కోసి, మోసుకెళ్ళి పశువుకు వేసే మేతగా దీనికి గుర్తింపు రావడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలో, నేటి జింబాబ్వేలోని బులవాయోలో నివసించిన కల్నల్ నేపియర్ ఈ గడ్డిని పశుపోషణకు పరీక్షించి చూడవలసిందిగా నాటి రొడీషియా వ్యవసాయ శాఖను పట్టుబట్టి కోరాడు. ఏనుగు గడ్డి అన్న పేరు పక్కన ఆయన పేరు కూడా దానికి స్థిరపడింది. 1912 నాటికి అది దక్షిణాఫ్రికా మీదుగా భారతదేశానికి వచ్చి కోయంబత్తూరు క్షేత్రాలలో వేళ్ళూనుకొంది.

నేపియర్‌లోని సుగుణాలు పైకి కనిపించేవే. అది బహువార్షికం, అంటే ఒకసారి నాటితే కొన్ని సంవత్సరాలపాటు కోసినకొద్దీ మొదళ్ళ నుంచి పిలకలు వేస్తూనే ఉంటుంది. లోపాలు మాత్రం పశువు నోటికి తగిలినప్పుడు గాని తెలియవు: కాండం త్వరగా కట్టెబారుతుంది, ఆకులపై నూగు, అంచులలో గరుకు ఎక్కువ. సజ్జ దీనికి సరిగ్గా విరుద్ధమైన మొక్క. దాని ఆకు మెత్తన, కాండం రసవంతం, కానీ ఒక పంటకాలంతో ఆయుష్షు తీరిపోతుంది. ఒకదాని ఓర్పును మరొకదాని మెత్తదనంతో జతచేయాలన్న ఆలోచన ఈ పోలిక నుంచే పుట్టింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో పనిచేసిన గ్లెన్ బర్టన్ ఈ రెండింటి సంకరాలపై తన ఫలితాలను 1944లో ప్రచురించాడు. దక్షిణాఫ్రికాలో ఇదే కలయిక నుంచి బానా గడ్డి వచ్చింది. భారతదేశంలో మొదటి సంకరం కోయంబత్తూరులో 1953లో సిద్ధం కాగా, 1961లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి పూసా జెయింట్ నేపియర్ వెలువడింది.

ఈ సంకరానికి విత్తనం ఎందుకు ఉండదో కొంత వివరించడం అవసరం. మొక్క లక్షణాలను మోసే క్రోమోజోములు సజ్జలో 14, నేపియర్‌లో 28. ఒక్కొక్క తల్లిదండ్రి నుంచి సగం చొప్పున వచ్చేసరికి సంతానంలో 21 మిగులుతాయి. బీజకణాలు ఏర్పడే వేళ క్రోమోజోములు జంటలుగా కుదురుకోవాలి గనుక, ఈ బేసి సంఖ్యతో ఆ అమరిక చెడిపోయి మొక్క గొడ్డుబోతుంది. అందుచేత రెండు మూడు కణుపులున్న కాండపు ముక్కలను, అంటే ముచ్చెలను, లేదా వేరు పిలకలను నాటి మాత్రమే దీనిని వ్యాపింపజేయగలరు. ఈ లోపమే చివరకు రైతుకు మేలైంది. గడ్డి తన సత్తువను గింజపై ఖర్చుపెట్టదు, పొరుగు చేలలో గింజ రాలి కలుపుగా మొలవదు, పైగా ఒకసారి నాటిన రైతు మళ్ళీ విత్తన దుకాణం గడప ఎక్కకుండా పక్క ఊరి బంధువుకు కూడా ముచ్చెలు పంచగలడు. విత్తన వ్యాపారానికి అంతగా లొంగని మేలురకం వ్యవసాయంలో అరుదు.

1962లో ఝాన్సీలో భారత పచ్చిక బయళ్ళ, పశుగ్రాస పరిశోధన సంస్థ ఏర్పడడం, 1970లో పశుగ్రాస పంటలపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలు కావడం వల్ల రకాల వరుస పెరిగింది. లూధియానా నుంచి ఎన్‌బి-21, కోయంబత్తూరు నుంచి సీఓ-4, సీఓ-5, తెలుగు నేలకు సంబంధించి రాజేంద్రనగర్ నుంచి ఏపీబీఎన్-1 ఈ వరుసలోనివే. వీటిని పోల్చేటప్పుడు ముందుగా వినబడేది హెక్టారుకు ఏటా ఎన్ని వందల టన్నుల పచ్చిగడ్డి అన్న లెక్క. అయితే పచ్చిగడ్డిలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే కాబట్టి, ఆ టన్నులు పశువు కడుపులో ఏమవుతాయన్న ప్రశ్నకు ఈ లెక్క సమాధానం కాదు.

ఆ ప్రశ్నకు సమాధానం వెతికిన చరిత్ర గడ్డి చరిత్ర కన్నా పాతది. జర్మనీలో గోటింగెన్ సమీపంలోని వెండె కేంద్రంలో హెన్నెబర్గ్, స్టోమన్ 1860లలో మేతను ఆమ్లంలో, ఆపైన క్షారంలో మరిగించి, కరగకుండా మిగిలినదాన్ని ముడి పీచుగా లెక్కగట్టే పద్ధతిని రూపొందించారు. దాదాపు వందేళ్ళు మేతల విలువను ఈ తూకంతోనే నిర్ణయించారు. కానీ ఇందులో ఒక పెద్ద లొసుగు ఉంది: కాండాన్ని కట్టెబార్చే లిగ్నిన్ అనే పదార్థం క్షారంలో కొంత కరిగిపోయి, సులువుగా జీర్ణమయ్యే పిండి పదార్థాల ఖాతాలో చేరిపోయేది, ఫలితంగా ముదిరిన గడ్డి కాగితం మీద మంచి మేతగా కనిపించేది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ కేంద్రంలో పీటర్ వాన్ సోయెస్ట్ 1960లలో ఆమ్ల, క్షారాల స్థానే డిటర్జెంటు ద్రావణాలను ఉపయోగించి ఈ లొసుగును సరిదిద్దాడు. తటస్థ ద్రావణంలో కణంలోని రసమంతా కరిగి కణగోడ మిగులుతుంది, ఆమ్ల ద్రావణంలో కణగోడలోని మెత్తని భాగం కూడా పోయి సెల్యులోజు, లిగ్నిన్ మిగులుతాయి. మొదటి లెక్క పశువు ఎంత తినగలదో సూచిస్తే, రెండోది తిన్నదానిలో ఎంత అరుగుతుందో సూచిస్తుంది. నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు సెల్యులోజును విడగొట్టగలవు గాని లిగ్నిన్‌ను విడగొట్టలేవు. పైగా అది తన పక్కనున్న సెల్యులోజును సైతం వాటికి అందకుండా కమ్మేస్తుంది.

ఈ కొలమానంతో చూసినప్పుడు నేపియర్ సంకరం విలువను రకం పేరు ఎంత నిర్ణయిస్తుందో కోత రోజు కూడా అంతే నిర్ణయిస్తుందని స్పష్టమవుతుంది. నాటిన 60 నుంచి 75 రోజులకు మొదటి కోత, ఆపైన 40 నుంచి 45 రోజులకొకటి అన్న సిఫారసు ఆకుకూ కాండానికీ ఉన్న నిష్పత్తిని బట్టి వచ్చింది. ఆ గడువు దాటినకొద్దీ టన్నులు పెరుగుతూనే ఉంటాయి, కానీ పెరిగేది ఎక్కువగా కాండమే. ఎండు పదార్థంలో పది శాతం దరిదాపుల ఉండే మాంసకృత్తులు దిగజారుతూ ఏడు శాతం కిందికి పోతే, పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలక, కడుపు ఖాళీ కాక, పశువు మేతనే తగ్గిస్తుందని ఆస్ట్రేలియాలో మిల్ఫర్డ్, మిన్సన్ 1960లలోనే గుర్తించారు. అలాగని మరీ లేతగా కోయడమూ మంచిది కాదు. లేత నేపియర్‌లో ఆక్సలేట్లు అధికం, అవి మేతలోని కాల్షియాన్ని పట్టివేసి పాలిచ్చే పశువుకు దక్కనీయవు. తరచూ లేతగా కోస్తే మొదళ్ళలోని నిల్వలు హరించి దుబ్బు కూడా బలహీనపడుతుంది. దశరథ గడ్డి, అలసంద, లూసర్న్ వంటి కాయజాతి మేతలను కలిపి వేయమనడం వెనుక మాంసకృత్తులతో పాటు ఈ కాల్షియం లెక్క కూడా ఉంది.

జొన్నలో కోత వేళ తప్పితే పశువు ప్రాణానికే ముప్పు. లేత జొన్నలో, వర్షాభావంతో వాడిన జొన్నలో పుట్టే సైనైడు విషం గురించి, అంటే నాము గురించి, తెలుగు రైతుకు తరతరాలుగా తెలుసు. నేపియర్‌లో వేళ తప్పితే పశువు పడిపోదు, పాలు తగ్గుతాయి, ఆ తగ్గుదలను వాతావరణానికో ఈతకో అంటగట్టి ఊరుకుంటారు. చాఫ్ కట్టర్ వచ్చిన తరువాత ముదురు కాండం కూడా సన్నని ముక్కలై తొట్టిలోకి చేరుతున్నది గనుక ఈ నష్టం మరింత మరుగున పడింది. ముక్క చేయడం వల్ల వృథా తగ్గుతుంది గాని లిగ్నిన్ తగ్గదు.

కొత్త రకాలను రూపొందించే శాస్త్రజ్ఞులు కూడా టన్నుల నుంచి నాణ్యత వైపు ఆలస్యంగానే తిరిగారు. టిఫ్టన్‌లోని ఎత్తైన నేపియర్ సంతతి నుంచి ఏరిన పొట్టి రకాన్ని 1988లో ఫ్లోరిడాలో మాట్ పేరుతో విడుదల చేశారు. టన్నులలో వెనుకబడినా, కణుపులు దగ్గరగా ఉండి ఆకు బాగా ఎక్కువ కావడం వల్ల పశువు బరువులో అది ముందుంది. భారతదేశంలో మాత్రం ఎత్తు మీద మోజు తగ్గలేదు. థాయ్‌లాండ్‌లో రూపొందిన పాక్‌చాంగ్-1 తెలుగు రాష్ట్రాలలో సూపర్ నేపియర్ పేరుతో ప్రచారంలోకి వచ్చాక, దాని ఎత్తునూ మాంసకృత్తుల శాతాన్నీ చాటే ప్రకటనలు పెరిగాయి. ఎన్ని రోజుల వయసున కోసిన గడ్డిలో అంత శాతమో చెప్పని ప్రకటనకు అర్థం లేదు. కాబట్టి ముచ్చెలు కొనే రైతు ఎకరాకు ఎన్ని టన్నులని అడిగే ముందు, ఆ టన్నులు ఎన్నో రోజు కోతలో వచ్చాయో, అందులో ఆకు ఎంతో, కాండం ఎంతో అడగాలి.