బీదల పాలు, అడవిమృగాల పాలు: జూబ్లీహిల్స్ అడవి నేర్పే పాఠం

ఉపోద్ఘాతం

బోరబండలోని మా సంఘంలో ఒక ఆదివారం నిర్గమకాండము 23వ అధ్యాయం నుండి బోధించాను. ఆరాధన ముగిశాక, ఇళ్లలో పని చేసుకుని బ్రతికే ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మాకు ఐదుగురికి ఒక్క అర్ర. నెమళ్లకేమో నాలుగు వందల ఎకరాలా?" అని అడిగింది. ఆమె పనికి వెళ్లే దారి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం గోడ పక్కనుండే పోతుంది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. వన్యప్రాణుల సంరక్షణ కలవారి ముచ్చట మాత్రమేనా, లేక సంఘం బాధ్యత కూడానా? ఈ ప్రాంత చరిత్రను, వాక్యాన్ని పక్కపక్కన ఉంచి దీనిని పరిశీలిద్దాం.

1. రాజుగారి గోడ

నేటి జూబ్లీహిల్స్ ఒకప్పుడు గ్రానైటు గుట్టలు, సీతాఫలం పొదలు, ముళ్లకంపలు ఉన్న బీడు. అక్కడ ఏడవ నిజాం కుమారుడు ఆజం జా కోసం 1940లో చిరాన్ ప్యాలెస్ కట్టారు. తరువాత అది ముకర్రం జా చేతికి వచ్చింది. ఎస్టేటు చుట్టూ గోడ ఉండటం వల్ల లోపల అడవి మిగిలింది. నేటి వనస్థలిపురం వైపు నిజాం వేటమైదానంలో కృష్ణజింకలు మిగిలిన కథ కూడా ఇలాంటిదే. ఆ కాలంలో జంతువులను కాపాడింది వాటి మీది ప్రేమ కాదు, రాజుగారి హక్కు. సామాన్యుడూ బయటే, సామాన్యుని మేకా బయటే. సంరక్షణ అంటే బీదవానికి నేటికీ గోడే గుర్తుకు రావడంలో వింత లేదు.

2. ప్లాట్ల కాలం

1960లలో సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా ఈ గుట్టల మీద ఇళ్ల స్థలాలు వెలిశాయి. మద్రాసు నుండి తెలుగు సినిమా తరలివచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. ఆ తరువాత ఫిల్మ్‌నగర్ పెరిగింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటగాని తుపాకికి అడ్డుకట్ట వేసింది. అయితే ఇక్కడ అడవిని మింగినది తుపాకి కాదు, ప్లాటు. గూడు పోయిన పక్షికి, బొరియ పోయిన ముళ్లపందికి ప్రాణభిక్ష ఒక్కటే చాలదు.

3. చట్టం గోడ

1998లో చిరాన్ ఎస్టేటులోని సుమారు 390 ఎకరాలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. నెమళ్లు, ముళ్లపందులు, పునుగుపిల్లులు అక్కడ బ్రతుకుతున్నాయి. అయినా ఒత్తిడి ఆగలేదు. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు తొలగించబోతే నగరవాసులు ఎదిరించారు. 2020లో ఉద్యానవనం చుట్టూ నిర్ణయించిన రక్షణ మండలం కొన్నిచోట్ల కొద్ది మీటర్లకే పరిమితమైంది.

2025 మార్చి చివరలో, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. జింకలు, నెమళ్లు తిరిగే ఆ నేలను ఐటీ సంస్థల కోసం అభివృద్ధి చేయాలన్నది ప్రభుత్వ సంకల్పం. విద్యార్థులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తానే పూనుకొని చెట్ల నరికివేతను ఆపించింది.

మా సంఘంలోని తల్లి ప్రశ్నకు చరిత్ర ఇచ్చే జవాబు ఇక్కడ ఉంది. అడవి కరిగినచోటల్లా ఆ నేల ఒక గది ఉన్నవారికి రాలేదు. నెమలి ఖాళీ చేసిన స్థలంలోనికి బీదవాడు ఎన్నడూ పిలువబడలేదు.

4. వాక్య పరిశీలన

ఆదికాండము 1:28లోని ఏలుబడి ఆజ్ఞయే ప్రకృతి నాశనానికి బీజమని లిన్ వైట్ అనే చరిత్రకారుడు 1967లో ఆరోపించాడు. మనం దీనిని తోసిపుచ్చకుండా వినాలి. అయితే అక్కడ వాడిన "రాదా" అనే హెబ్రీ క్రియయే యెహెజ్కేలు 34:4లో మందను కఠినంగా ఏలిన కాపరులను గద్దించడానికీ వాడబడింది. ఏలుబడి పేరిట క్రూరత్వం దేవునికి అసహ్యం. ఆదికాండము 2:15లో తోటను కాయుమని చెప్పిన క్రియ "షామర్". సంఖ్యాకాండము 6:24లో దేవుడు నిన్ను కాపాడును గాక అనే దీవెనలోనూ అదే క్రియ. ప్రతి ఆదివారం సంఘం మీద మనం పలికే మాట, మొదట నేల విషయమై మనకు అప్పగించబడినది.

మరి బీదవాని మాటేమిటి? నిర్గమకాండము 23:11 ప్రకారం ఏడవ ఏట బీడు విడిచిన పొలంలో బీదలు తినాలి, మిగిలినది అడవిమృగాలకు చెందాలి. ఈ ఇద్దరి హక్కూ ఒకే వచనంలో ఉంది. బీదవాడు ముందు, మృగం తరువాత, ఇద్దరికీ చోటు. ఆపమని చెప్పబడినవాడు పొలం యజమాని. యెషయా 5:8లో ఇంటికి ఇల్లు కలుపుకొనేవారిపై పలికిన శ్రమ కూడా ఆ దురాశ మీదే.

ముగింపు

కొన్ని వారాల తరువాత ఆ తల్లికి ఈ వచనం మళ్లీ చదివి వినిపించాను. ఆమె కాసేపు ఆలోచించి, "అట్లయితే మాది కూడా అడగాలె గదా అయ్యగారూ" అంది. ఆ మాట న్యాయమైనది. బీదల ఇంటిని గూర్చి మాట్లాడని సంఘానికి నెమలిని గూర్చి బోధించే అర్హత తక్కువ.

మొదలు మన వద్దే కావాలి. మందిరానికి చౌకగా వస్తుందని చెరువు శిఖం భూమి కొనకుందాం. సంక్రాంతికి పక్షుల రెక్కలు కోసే నైలాన్ మాంజా పిల్లల చేతికి రాకుండా చూద్దాం. అటు రాజు, ఇటు చట్టం కట్టిన గోడలు కొంతవరకే కాపాడాయి. మిగిలినది కావలివారి పని. ఆ పనికి మనము పిలువబడ్డాము.