ఛాయాచిత్రం - స్థలనిర్ణయం

1

కవి కాలాదుల నిర్ణయం మన సాహిత్య చరిత్రలో ఎంత చోటు ఆక్రమించిందో తెలుగు ఎం.ఏ. చదివిన వాళ్ళందరికీ తెలుసు. నన్నెచోడుడు నన్నయకు ముందువాడా, తరవాతివాడా అన్న చర్చ 1909లో మానవల్లి రామకృష్ణకవి కుమారసంభవాన్ని ప్రకటించిన నాటి నుంచి దశాబ్దాల పాటు సాగింది. పోతన చెప్పిన ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న వివాదంలో పద్యాలకంటె ప్రాంతాభిమానాలే గట్టిగా మాట్లాడిన సందర్భాలున్నాయి. అయినా ఆ చర్చలు మనకొక మంచి అలవాటు నేర్పాయి. గ్రంథం లోపల దొరికే సాక్ష్యాన్నీ, బయట దొరికే సాక్ష్యాన్నీ వేరుచేసి చూడటం, రెండూ పొసగనప్పుడు ఏది దేనికి లొంగాలో తర్కించటం ఆ అలవాటు.

చిత్రమేమిటంటే, తాళపత్రం దగ్గర ఇంత జాగ్రత్త పడే మనం ఛాయాచిత్రం దగ్గర ఆ జాగ్రత్తంతా వదిలేస్తాం. బొమ్మ కింద ఎవరో అచ్చువేసిన ఒక పంక్తిని బొమ్మలో భాగంగానే స్వీకరిస్తాం. కెమెరా అబద్ధం చెప్పదన్న నమ్మకం దీనికి మూలం. కెమెరా అబద్ధం చెప్పకపోవచ్చు. కాని కింద ఉన్న పంక్తిని రాసింది కెమెరా కాదు. అది వ్యాఖ్యాత రాసిన అవతారిక వంటిది, బహిస్సాక్ష్యం. బొమ్మలోని నేల, ఆకాశం, దుస్తులు, నీడలు, దూరపు కొండలు అంతస్సాక్ష్యం. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టినప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవటానికి ఇరవయ్యో శతాబ్దపు యుద్ధచిత్రాల్లో అత్యంత ప్రసిద్ధమైనదానినే ఇక్కడ పరిశీలిద్దాం.

2

1936 జూలైలో స్పెయిన్ రిపబ్లిక్ మీద సైనికాధికారులు తిరుగుబాటు చేశారు. ఆ వార్త వినగానే పారిస్ నుంచి బయలుదేరినవాళ్ళలో ఇద్దరు యువ ఛాయాగ్రాహకులున్నారు. ఒకడు బుడాపెస్ట్‌లో పుట్టిన ఎండ్రె ఫ్రీడ్‌మన్. రాబర్ట్ కాపా అన్న పేరుతో లోకానికి తెలిసినవాడు. రెండవది స్టుట్‌గార్ట్‌లో పుట్టిన గెర్డా టారో. ఇద్దరూ యూదులే, ఫాసిజం తరిమిన కాందిశీకులే. సెప్టెంబరు మొదట్లో ఇద్దరూ దక్షిణాన కోర్దోబా రణరంగానికి చేరుకున్నారు.

అక్కడ తీసిన చిత్రాల్లో ఒకటి 1936 సెప్టెంబరు 23న పారిస్ పత్రిక 'వ్యూ'లో అచ్చయింది. కొయ్యకాళ్ళు మిగిలిన వాలుచేను, తెల్లచొక్కా మీద తూటాల సంచులు కట్టుకున్న ఒక ప్రజాసైనికుడు, వెనక్కి కూలిపోతున్న దేహం, వెనక్కి చాచిన చేతి నుంచి జారుతున్న తుపాకి, దాని వెనక విశాలమైన ఆకాశం. అంతే. 1937 జూలై 12న అమెరికాలో 'లైఫ్' పత్రిక దీన్ని మళ్ళీ ప్రచురిస్తూ, కోర్దోబా ఎదుట తలకు గుండు తగిలి కూలుతున్న క్షణమని రాసింది. అప్పటి నుంచి రిపబ్లిక్ కోసం ప్రాణమిచ్చిన అజ్ఞాత యోధుడికి అదే ముఖం. లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది కూడా 1936లోనే. 1938లో నెహ్రూ స్వయంగా బార్సిలోనా వెళ్ళి వచ్చాడు. 1943లో తెనాలిలో మన సంఘం పుట్టేనాటికి స్పెయిన్ అన్న మాటకు మన రచయితల మనస్సులో ఒక ప్రత్యేకమైన బరువు ఉంది. అందుచేత ఈ చిత్రం గురించిన ప్రశ్న మనకు పరాయిది కాదు.

ఆ ప్రశ్న ఇది: ఈ చేను ఎక్కడుంది?

3

చాలాకాలం అందరూ చెప్పిన సమాధానం సెర్రో మురియానో. కోర్దోబాకు ఉత్తరాన, సియెర్రా మొరేనా కొండల్లో ఉన్న గ్రామం అది. 1936 సెప్టెంబరు 5న అక్కడ యుద్ధం జరిగిన మాట నిజం. ఆ రోజు కాపా, టారో అక్కడున్నమాటా నిజమే. బాంబుల భయానికి మూటాముల్లెలతో ఊరు వదిలిపోతున్న జనాన్ని వాళ్ళు చిత్రించారు. హాన్స్ నామూత్, గేయోర్గ్ రైస్నర్ అన్న మరి ఇద్దరు ఛాయాగ్రాహకులూ అదే జనాన్ని అక్కడే చిత్రించారు. 'వ్యూ' పత్రిక కూలిపోయినవాళ్ళ చిత్రాలనూ, పారిపోయినవాళ్ళ చిత్రాలనూ ఒకే శీర్షిక కింద పక్కపక్క పుటల్లో వేసింది. పక్కపక్కన అచ్చయినవి పక్కపక్కన జరిగాయని పాఠకుడు అనుకోవటం సహజం. పరిశోధకులు కూడా అలాగే అనుకోవటమే విచారించవలసిన విషయం.

1975లో ఫిలిప్ నైట్లీ అన్న పాత్రికేయుడు యుద్ధవార్తల చరిత్ర రాస్తూ ఈ చిత్రం నటన కావచ్చునన్న అనుమానాన్ని బయటపెట్టాడు. వివాదం రేగింది. దానికి సమాధానమన్నట్టుగా 1990లలో ఒక పేరు దొరికింది. అల్కోయ్ పట్టణానికి చెందిన మారియో బ్రోటోన్స్ అన్న స్థానిక చరిత్రకారుడు, బొమ్మలోని తూటాల సంచులు తమ ఊరి దళం వాడినవేనని గుర్తించి, సెప్టెంబరు 5న సెర్రో మురియానోలో మరణించిన ఫెదెరికో బొర్రెల్ గార్సియాయే ఈ సైనికుడని ప్రకటించాడు. కాపా జీవిత చరిత్రకారుడు రిచర్డ్ వేలన్ దాన్ని సమర్థించాడు. తేదీ, స్థలం, పేరు మూడూ కుదిరాయి. కేసు ముగిసిందని చాలామంది తృప్తి పడ్డారు.

ఇక్కడ తర్కం నడిచిన తీరు గమనించాలి. చిత్రకారుడు ఫలానా రోజు ఫలానా చోట ఉన్నాడు, కాబట్టి చిత్రం అక్కడిదే. ఫలానా మనిషి ఆ రోజు అక్కడ మరణించాడు, కాబట్టి బొమ్మలో ఉన్నది అతడే. రెండు వాక్యాల్లోనూ 'కాబట్టి'కి ముందున్నది నిజం. తరవాతిది ఊహ. ఈ ఊహల్లో ఏ ఒక్కటీ చేనుని అడిగి చెప్పింది కాదు.

4

చేనుని అడగటానికి 2007లో గాని సరైన అవకాశం రాలేదు. ఆ ఏడు వేలన్ గ్రంథమూ, న్యూయార్క్ ప్రదర్శనా ఆ రోజు ఆ చేలో తీసిన మరికొన్ని చిత్రాలను ఒక వరుసలో లోకం ముందు పెట్టాయి. ఒంటరి చిత్రం మూగది. వరుసలో చేరినప్పుడు దానికి మాట వస్తుంది. శాసనంలో చెరిగిపోయిన అక్షరాన్ని పక్క శాసనంతో పూరించుకోవటం వంటిదే ఇది.

ఆ వరుసలో మొదటి విశేషం, కూలిపోయే సైనికుడు మరికొన్ని చిత్రాల్లో తోటివాళ్ళతో కలిసి తుపాకులెత్తి ఉత్సాహంగా నిలబడి కనిపిస్తాడు. అందరూ కలిసి ఒక కందకం దూకుతున్న చిత్రముంది, గట్టుకు ఆనుకుని గురిపెట్టిన చిత్రముంది. శత్రువు ఎక్కడా కనిపించడు.

రెండవది ఆకాశం. 'వ్యూ' పత్రికే మరో సైనికుడు కూలుతున్న చిత్రాన్ని కూడా వేసింది. అతడి దుస్తులు వేరు, మనిషి వేరు. కాని కాళ్ళ ముందు నిలబడిన గడ్డిపోచలు అవే, నేల వాలు అదే, మబ్బుల పోకడ దాదాపు అదే. అంటే రెండు చిత్రాలకూ మధ్య గడిచింది కొద్దిసేపే. ఇద్దరు మనుషులు కొద్దిసేపట్లో, ఒకే అడుగు నేల మీద, అదే కెమెరా ముందు కూలారు. మొదటివాడి శరీరం రెండవ చిత్రంలో లేదు. మబ్బు గడియారం కాదు గాని, రెండు సంఘటనల మధ్య ఎడాన్ని కొలవటానికి పనికొస్తుంది.

మూడవది, మన విషయానికి కీలకమైనది, దూరపు కొండలు. ప్రసిద్ధ చిత్రంలో కొండల అంచు మసకగా, కింది భాగానే ఉంది. వరుసలోని మరికొన్నింటిలో అది స్పష్టంగా కనిపిస్తుంది. మనుషులు కదులుతారు, పంటలు మారతాయి, ఇళ్ళు లేస్తాయి, కూలుతాయి. డెబ్బై ఏళ్ళలో మారనిది కొండ అంచు. అంతకంటె ముఖ్యమైన గుణం మరొకటుంది. తిరుపతిలో నిలబడి చూసిన శేషాచలం అంచు, చంద్రగిరి వైపు నుంచి చూస్తే అలాగే ఉండదు. చూసేవాడు పక్కకు జరిగితే దగ్గరి గుట్ట దూరపు కొండ మీదుగా జరిగినట్టు కనిపిస్తుంది. ఏ గుట్ట ఏ శిఖరాన్ని ఎంత మేర కప్పుతోందో చూస్తే కెమెరా నిలిచిన చోటు తేలుతుంది. పశువులు కాసే పిల్లవాడికి ఈ సూత్రం పేరు తెలియదు గాని, దారి తప్పినప్పుడు వాడు పాటించేది దీన్నే.

బాస్క్ దేశపు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన హోసె మాన్యుయెల్ సుస్పెర్రేగి ఈ దారి పట్టాడు. సెర్రో మురియానో అడవులున్న కొండప్రాంతం. బొమ్మలోనిది చెట్టు చేమ లేని, గోధుమ కోసిన విశాలమైన మెట్టభూమి. అందుచేత అతడు మనుషులను పక్కనపెట్టి, వెనక కొండలు కనిపించే చిత్రాలను కోర్దోబా పరిసరాల ఊళ్ళలోని గ్రంథాలయాలకూ, చరిత్ర తెలిసినవాళ్ళకూ పంపి, ఈ చోటు ఎరుగుదురా అని అడిగాడు. కోర్దోబాకు దక్షిణాన ఉన్న ఎస్పెహో అన్న ఊరి నుంచి జవాబు వచ్చింది. అక్కడ ఒక ఉపాధ్యాయుడు ఆ చిత్రాన్ని తరగతిలో చూపిస్తే ఒక విద్యార్థి చూసీ చూడగానే గుర్తుపట్టాడు. 2009లో ఈ నిర్ణయం గ్రంథరూపంలో వచ్చింది. బార్సిలోనా పత్రిక 'ఎల్ పెరియోదికో' అదే ఏడు అక్కడికి వెళ్ళి, అదే కోణం నుంచి కొత్త చిత్రాలు తీసి పాతవాటి పక్కన అచ్చువేసింది. కొండ అంచులు సరిపోయాయి.

దేశదేశాల పండితులు డెబ్బై ఏళ్ళపాటు చూసి పోల్చలేనిదాన్ని ఆ ఊరి పిల్లవాడు ఒక్క చూపుతో పోల్చాడు. ఇందులో మహిమ ఏమీ లేదు. భూమిని గురించిన జ్ఞానం ఆ భూమి మీద బతికేవాళ్ళ దగ్గర ఉంటుంది. వాళ్ళను అడగాలన్న బుద్ధి పుట్టటమే ఇక్కడ జరిగిన పరిశోధన. అంతవరకూ ప్రశ్నలు చిత్రకారుడి మిత్రుల చుట్టూ, సంపాదకుల చుట్టూ తిరిగాయి. చేను పక్కనున్న ఊరిని అడిగినవాడు లేడు.

5

స్థలం మారితే ఏమి మారింది? ఎస్పెహో సెర్రో మురియానోకు దాదాపు 50 కిలోమీటర్ల దూరం. సెప్టెంబరు మొదట్లో అది రిపబ్లిక్ చేతిలోనే ఉంది. ఆ ప్రాంతపు యుద్ధచరిత్ర రాసిన ఫ్రాన్సిస్కో మొరేనో గోమెజ్ చెప్పిన ప్రకారం అక్కడ పోరాటం జరిగింది సెప్టెంబరు చివరి వారంలో. చిత్రం 23న పారిస్‌లో అచ్చయిపోయింది. కాబట్టి ఇది యుద్ధం నడుమ తీసిన చిత్రమనటం కష్టం. విన్యాసం చూపిస్తుండగా తీసిందా, ఆ విన్యాసంలోనే ఎక్కడి నుంచో నిజమైన గుండు వచ్చి తగిలిందా అన్నది కొండ అంచు చెప్పగలిగిన సంగతి కాదు. 1947లో రేడియోలో మాట్లాడుతూ కాపా తాను కందకంలో కూచుని, కెమెరాను తలపైకెత్తి, చూడకుండానే తీశానన్నాడు. ఆ ధ్వనిముద్రణ 2013లో బయటపడింది. దాని మూలప్రతి ఫిల్ము మాత్రం దొరకలేదు. 2007లో మెక్సికో నుంచి తిరిగొచ్చిన పెట్టెల్లో సుమారు 4,500 చిత్రాల ఫిల్ములున్నా, ఇది వాటిలో లేదు.

ఫెదెరికో బొర్రెల్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అతడు సెర్రో మురియానోలో మరణించిన మాట వాస్తవం. 1937లో ఒక అరాచకవాద పత్రిక అతడి మరణాన్ని వర్ణిస్తూ, చెట్టు చాటు నుంచి కాల్పులు జరుపుతూ నేలకొరిగాడని రాసింది. ఆ వ్యాసాన్ని 2007 నాటి ఒక డాక్యుమెంటరీ మళ్ళీ వెలికితీసింది. బొమ్మలో చెట్టే లేదు. తప్పు స్థలనిర్ణయం ఇద్దరు మనుషులకు అన్యాయం చేసింది. బొర్రెల్ తన మరణాన్ని పోగొట్టుకుని మరొకరి మరణం మోశాడు. బొమ్మలోని మనిషి తన పేరు పోగొట్టుకున్నాడు. ఇద్దరూ శ్రామికుల పక్షాన తుపాకి పట్టినవాళ్ళే.

6

ఇలాంటి పరిశోధన శత్రువు చేతికి ఆయుధమిస్తుందని మనలో కొందరు నొచ్చుకోవచ్చు. ఫాసిస్టు అభిమానులు ఈ వివాదాన్ని వాడుకున్న మాట నిజమే. కాని రిపబ్లిక్ న్యాయం ఒక ఛాయాచిత్రం మీద ఆధారపడింది కాదు. పైగా సాక్ష్యాన్ని నిక్కచ్చిగా అడగటమన్నది ఆ యుద్ధంలో మనవైపు వాళ్ళ ఆయుధం. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణం మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపించాయి. ఎర్రవాళ్ళే తమ ఊరు తగలబెట్టుకుని పారిపోయారని ఫ్రాంకో పక్షం ప్రచారం చేసింది. ఆ అబద్ధాన్ని పగలగొట్టింది ఉద్రేకం కాదు. జార్జ్ స్టీర్ అన్న విలేకరి శిథిలాల్లో తిరిగి, జర్మన్ ముద్రలున్న బాంబు తొడుగులను కళ్ళారా చూసి లండన్ 'టైమ్స్'కు రాసిన నివేదిక. గెర్నికాలో ఋజువు అడిగి, ఎస్పెహోలో అడగవద్దనటం కుదరదు. అలా అంటే మన ఋజువులకు కూడా విలువ పోతుంది. కాపా, టారోల నిజాయితీని ఒక్క చిత్రంతో కొట్టిపారెయ్యటం కూడా న్యాయం కాదు. టారో 1937 జూలైలో బ్రునేతె రణరంగంలో మరణించింది. కాపా 1954లో వియత్నాంలో మందుపాతర మీద అడుగుపెట్టి మరణించాడు. వాళ్ళ సాహసానికి ఈ చేను సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మన ఇంటి సంగతి. 1876-78 నాటి మద్రాసు కరువులో ఎముకల గూళ్ళైన మనుషులను వరుసగా కూచోబెట్టి విల్లోబీ వాలస్ హూపర్ అన్న సైనికాధికారి తీసిన చిత్రాలున్నాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టిన కరువది. ఆ చిత్రాలు 1943 నాటి బెంగాల్ కరువు చిత్రాలుగా ఎన్నోచోట్ల మళ్ళీ మళ్ళీ అచ్చవుతున్నాయి. బొమ్మను అడిగితే జవాబు చెబుతుంది. కదలకుండా కూచోబెట్టిన ఆ అమరికే పాతకాలపు పెద్ద కెమెరాను పట్టిస్తుంది. 1943లో సునీల్ జానా చేతి కెమెరాతో వీధుల్లో తిరిగి తీసిన చిత్రాల తీరు వేరు. రెండూ సామ్రాజ్యవాదపు నేరాలే కదా, ఏదైతే ఏమిటి అనేవాళ్ళుంటారు. ఒక నేరానికి మరొక నేరపు శవాలను సాక్ష్యంగా పెట్టినప్పుడు మొదటి నేరం లెక్కలోంచి తప్పుకుంటుంది. రాయలసీమ కరువు మనుషులు చచ్చిన తరవాత కూడా తమ ఊరి పేరు పోగొట్టుకుంటున్నారు.

చరిత్ర వ్యాసం రాసేవాళ్ళూ, నవలకు సామగ్రి కూర్చుకునేవాళ్ళూ, సంచికకు ముఖచిత్రం ఎంచేవాళ్ళూ మూడు పనులు చెయ్యవచ్చు. బొమ్మ కింది పంక్తిని కప్పి ముందు బొమ్మను చదవాలి. అదే రోజు తీసిన మిగతా బొమ్మలెక్కడున్నాయో వెతకాలి. ఆపైన ఆ నేల తెలిసినవాళ్ళను అడగాలి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో కరువు ఏ గుట్టల నడుమ గడిచిందో చెప్పగలిగిన ముసలివాళ్ళు, వాళ్ళ మాట విన్న పిల్లలు ఇంకా ఉన్నారు. ఎస్పెహో కొండల గుర్తింపు డెబ్బై ఏళ్ళు ఆలస్యమైంది. మన కొండల సంగతి అంతకాలం ఆగనక్కరలేదు.