నల్ల బుడిపె తెగులు

నల్ల బుడిపె తెగులు ప్లమ్, చెర్రీ జాతుల చెట్లకు సోకే ఒక శిలీంధ్ర వ్యాధి. దీనిని ఆంగ్లంలో బ్లాక్ నాట్ అంటారు. అపియోస్పోరినా మోర్బోసా అనే శిలీంధ్రం దీనికి కారణం. ఉత్తర అమెరికాలో ఈ తెగులు పండ్ల తోటలతో పాటు, ఊదారంగు ఆకుల అందం కోసం ఇళ్ళ ముందు పెంచే అలంకార ప్లమ్ చెట్లను కూడా ఆశిస్తుంది.

చరిత్ర

బుడిపెలలో తరచు పురుగులు కనిపించటం వలన, పూర్వం ఈ తెగులుకు కీటకాలే కారణమని పలువురు భావించేవారు. అమెరికా వృక్షశాస్త్రవేత్త విలియం గిల్సన్ ఫార్లో 1876లో ప్రచురించిన పరిశోధనలో శిలీంధ్రమే కారణమని చూపాడు.

లక్షణాలు

వసంతకాలపు వానలలో శిలీంధ్రపు సిద్ధబీజాలు గాలి, తుంపరల ద్వారా లేత కొమ్మలను చేరతాయి. మొదటి సంవత్సరం చిన్న ఉబ్బు మాత్రమే ఏర్పడుతుంది. ఆకుల మాటున ఉండటంచే అది సులభంగా కంటపడదు. మరుసటి సంవత్సరం ఆ ఉబ్బుపై ఆకుపచ్చని మఖమలు వంటి పూత ఏర్పడి, క్రమంగా గట్టిపడి బొగ్గువలె నల్లబడుతుంది. బుడిపె కొమ్మను చుట్టివేసినచో పైభాగం ఎండిపోతుంది. బుడిపె లేకుండా బెరడు నుండి జిగురు మాత్రమే కారుతున్నచో, కారణం వేరుగా ఉండవచ్చును.

నివారణ

* చలికాలం చివర, మొగ్గలు విచ్చక మునుపే, బుడిపెకు కనీసం 10 సెంటీమీటర్ల దిగువన కొమ్మను కత్తిరించాలి.
* కత్తిరించిన బుడిపెలు కూడా సిద్ధబీజాలను వెదజల్లగలవు. కనుక వాటిని చెట్టు కింద వదలక కాల్చివేయాలి, లేదా పాతిపెట్టాలి.
* సమీపంలోని అడవి చెర్రీ, ప్లమ్ చెట్లను కూడా పరిశీలించాలి.
* మొగ్గలు విచ్చే దశ నుండి చల్లే శిలీంధ్రనాశినులు కొత్తగా తెగులు సోకకుండా కాపాడతాయి. అవి ఏర్పడిన బుడిపెలను నయం చేయలేవు. అందుచేత కత్తిరింపే ప్రధాన నివారణ.