ఎండలో పుట్టిన చలువ: మన చాకలిపేట పూర్వకథ

వేసవిలో చెన్నపట్టణమునకు రండని ఆంధ్రదేశమందలి బంధువులకు వ్రాసినచో, సంక్రాంతికి వత్తుమని జవాబు వచ్చుట మన కుటుంబములకు అనుభవములో నున్న సంగతియే. అయినను పిల్లలకు బడి సెలవులు వేసవిలోనే గనుక తుదకు వారు రాక మానరు. వచ్చినవారు మెరీనా తీరమును, మైలాపురపు కోవెలను, త్యాగరాయనగరపు బట్టల అంగళ్లను చూచి పోవుదురు. తాము దిగిన వాషర్‌మెన్‌పేట్‌ను మాత్రము చూడరు. ఎండయు, ఇరుకు వీధులును తప్ప ఇందేమున్నది అని వారి తలంపు. మన పిల్లలు సయితము ఊరిపేరు చెప్పవలసిన చోట “ఉత్తర చెన్నై” అని దాటవేయుచుందురు. చాకలిపేట యనుట వారికి చిన్నతనముగా తోచును. బంధువులు దేనికి జంకుదురో, పిల్లలు దేనికి సిగ్గుపడుదురో, ఆ రెండింటికిని మూలమొక్కటే. ఆ ఎండయే ఈ పేటను కన్నది. ఆ కథను మాకు తెలిసినంతవరకు ఇందు వివరింతుము.

ముందుగా ఎండ మాట. సూర్యుడు భరణి మూడవ పాదమున ప్రవేశించినది మొదలు రోహిణి మొదటి పాదము దాటువరకు గల కాలమును మన పంచాంగములు కర్తరి యనును. ఇంగ్లీషు తేదీలలో అది సుమారు మే 4 మొదలు 28 వరకు. తమిళ సోదరులు దీనినే కత్తిరి యనియు, అగ్ని నక్షత్రమనియు అందురు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత మనకున్నది గదా. ఈ దినములలో ఉదయము పడమట నుండి పొడిగాలి వీచును. ప్రొద్దెక్కినకొలది నేల కాగి, గాలి తేలికయై పైకి లేవగా, ఆ చోటును నింపుటకు సముద్రము మీది గాలి లోనికి వచ్చును. పడమటి గాలి బలముగా నున్న నాడు సముద్రపు గాలి ఆలస్యమగును. ఆలస్యమైనకొలది వేడిమి పెరుగును. 2003 మే 31వ తేదీన నుంగంబాకమున 45 డిగ్రీల వేడిమి నమోదైనది. నైరుతి ఋతుపవనము ఇతర దేశమును తడుపునపుడు ఇచటికి అడపాదడపా జల్లులే దక్కును. ఈ పట్టణపు ముఖ్యవర్షము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యమునుండి వచ్చును. కావున మే నెలలో వచ్చు అతిథికి మబ్బు మీద ఆశ కంటె సాయంకాలపు సముద్రపు గాలి మీద ఆశయే మేలు.

ఇక పేట పుట్టుక. 1639లో ఇంగ్లీషు వర్తకులు దామెర్ల వెంకటాద్రి నాయకునివలన ఈ తీరమున స్థలము పొందిరి. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణమను నామము కలిగినది. ఇచట సరియైన రేవు లేదు. ఓడలు దూరముగా నిలువవలెను, సరకులు పడవలలో అలలు దాటవలెను. ఇంత కష్టమునకోర్చి వారు వచ్చినది బట్టకొరకే. తెలుగు, తమిళ దేశములలోని సాలెలు నేసిన బట్ట నాడు లోకమంతట పేరు మోసినది. ఆ బట్టను కుంపెనీకి సమకూర్చిన తొలినాటి వర్తకులలో బేరి తిమ్మన్న, కాసి వీరన్న మొదలగు తెలుగువారు ముఖ్యులు.

మగ్గము దిగిన బట్ట తెల్లగా నుండదు. నూలు సహజముగా మాసిన రంగున నుండును, దానికి తోడు గంజి. ఆ కోరాబట్టను తెల్లజేయనిదే ఓడకెక్కింపరు. అందులకై కుంపెనీవారు చలువ చేయు పనివారిని పిలిపించి కోటకు ఉత్తరమున కాపురముంచిరి. నేటి మింట్ వీధికి పూర్వము వాషర్స్ స్ట్రీట్ అని పేరుండెను. టంకసాల అచటికి 19వ శతాబ్దమున వచ్చిన తరువాత ఈ పేరు కలిగినది. ఆ వీధికి ఉత్తరముగా పెరిగిన పేటయే మనది. తమిళమున వణ్ణారపేట్టై, ఇంగ్లీషున వాషర్‌మెన్‌పేట్, మన నోట చాకలిపేట. మూడు భాషలలోను అర్థమొక్కటే.

ఆ పని యెట్టిదో నేటివారు ఎరుగుట మంచిది. బట్టను చౌడుమన్ను కలిపిన నీట నానబెట్టుదురు. ఉబ్బపెట్టి ఆవిరిలో ఉడికింతురు. బండపై బాది, జాడించి, ఇసుకమీదనో పచ్చికమీదనో పరచుదురు. ఆరీ ఆరకముందే నీరు చల్లుదురు, మరల ఎండనిత్తురు. ఈ విధముగా పలుమారులు చేయగా చేయగా తెలుపు తేలును. నీరు, గాలి, సూర్యకిరణములు మూడును కలిసి నూలులోని రంగును విరిచివేయును. ఐరోపాలోను నాడు ఇదే పద్ధతి. హాలెండు దేశపు హార్లెం నగరము దీనికే ప్రసిద్ధి. అయితే అచటి మందమైన ఎండలో ఈ పనికి నెలలు పట్టెడిది. మన తీరమున సూర్యునికి కొరతలేదు. మరియు ఈశాన్య ఋతుపవనము వచ్చు అక్టోబరునకు లోపల ఓడలు ఈ తీరము విడువవలెను. కావున ఎండ కాయు నెలలలో ప్రతిదినమును విలువైనదే. అతిథికి శత్రువైన ఎండ ఈ పేటవారికి మూలధనము.

ఇచట మన భాషలోని యొక విశేషము చెప్పక తప్పదు. బట్ట ఉతికి తెల్లజేయుటను తెలుగువారు “చలువ చేయుట” యందురు. చలువ యనగా చల్లదనము. చలువ యనగా తెల్లదనము. మండుటెండలో పరచి తెచ్చిన బట్టకు చలువబట్ట యని పేరు పెట్టిన మన పూర్వులు ఆ పనివాని శ్రమను కట్టుకొన్నవాని సుఖముతో ముడివేసిరి. ఒకడు ఎండలో నిలువగా మరియొకనికి చలువ కలిగినది. పేట పేరు చెప్ప సిగ్గుపడు పిల్లలకు ముందు ఈ మాట చెప్పవలెను.

ఎండతోబాటు నీరును కావలెను. కాని ఎండ ముదిరిన నెలలలోనే నీరు తగ్గును. ఈ పట్టణపు చరిత్రలో ఎడతెగని చిక్కు ఇది. 1772లో కోటకు మంచినీరు చేర్చుటకై మన పేటకు దక్షిణమున బావులు త్రవ్వించి పనులు ప్రారంభించిరి. ఏడుబావులను అర్థముగల సెవెన్ వెల్స్ పేరు ఆ ప్రాంతమునకు నేటికిని నిలిచియున్నది. బావులు మన దిక్కున, నీరు కోట లోపలివారికి! 1782లో హైదరాలీతోడి యుద్ధమువలన కరవు వచ్చి పల్లెల జనము పట్టణమునకు పరుగెత్తి రాగా, వారికి గంజి పోయుటకై మణియకారు సత్రము వెలసినది. నేడు చవుక బట్టలకొరకు జనము క్రిక్కిరియు ఎం.సి. రోడ్డు పేరులోని రెండక్షరములు ఆ మణియకారు సత్రమునకు గుర్తు. ఆ సత్రమున రోగులకు జరిగిన వైద్యమే క్రమముగా పెరిగి నేటి స్టాన్లీ ఆసుపత్రి యయ్యెను. ఎం.సి. రోడ్డున చీరె బేరమాడు మన చుట్టములలో ఎందరికి ఈ సంగతి తెలియును?

వేసవి వచ్చినపుడు ఊరు విడుచువారును గలరు, విడువలేనివారును గలరు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి గవర్నరుగారు పరివారముతో ఉదకమండలము చేరి వేసవి గడపుట ఆచారమయ్యెను. గుమాస్తాలు కొందరు కాగితపు కట్టలతో వెంటపోయిరి. తక్కినవారు ఇచటనే చెమటోడ్చిరి. దొరల పానీయములకై అమెరికాలోని బోస్టన్ నుండి ఓడలలో మంచుగడ్డలు వచ్చెడివి. వాటిని దాచుటకు 1842లో సముద్రతీరమున కట్టిన ఐస్‌హౌసు నేడు వివేకానందుల పేర నున్నది. మన పేటవారికి మాత్రము మట్టికుండయే మంచు. దారినపోవువారికి మజ్జిగయు నీరును ఇచ్చు చలివేంద్రము మన పుణ్యకార్యము. తమిళులు దానినే తణ్ణీర్ పందల్ అందురు. చలివేంద్రములోని “చలి”యు, చలువబట్టలోని “చలువ”యు అక్కాచెల్లెండ్రే.

వేసవిలో ఊరు విడిచినవారిలో మనము మరువరాని తెలుగువాడొకడు గలడు. సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీ రాత్రి చెన్నపట్టణమును విడిచి, మన పొరుగుననే యున్న తండయారుపేటలోని తమ తోట చేరి, అటనుండి కాశీకి పయనమైరి. తేదీ చూడుడు: నడి కర్తరి! పరివారముతో ఎండలకు వానలకు ఓర్చి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న మరల పట్టణము చేరిరి. వారి కాశీయాత్ర చరిత్రను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. తెలుగులో యాత్రాగ్రంథములకు తలమానికమైన ఆ పుస్తకపు మొదటి మజిలీ మన పేటకు కూతవేటు దూరమున నున్నదని ఎంతమందికి తెలియును? రెండు గంటల రైలు ప్రయాణమునకు జంకు బంధువులకు ఈ కథ వినిపింపదగును.

తెలుగుదేశమునుండి ఇచటికి వచ్చు దారులును మన ఉత్తర దిక్కుననే కలవు. 1806లో బేసిల్ కాక్రేన్ ఎన్నూరువరకు త్రవ్వించిన కాలువ క్రమముగా పెరిగి, 1878లో బకింగ్‌హాం కాలువ యను పేరొంది, కృష్ణా కాలువలతో కలిసి పడవలదారి యయ్యెను. గాలివాలున తెరచాపెత్తియు, గాలిలేనపుడు గట్టున త్రాళ్లతో లాగియు పడవలు నడపిరి. నేడా కాలువ పట్టణములో మురికినీటి పాలైనది. దక్షిణదేశపు మొదటి రైలు 1856 జూలై 1న బయలుదేరినది మన ప్రక్కనున్న రాయపురమునుండియే. 1899లో గూడూరు మీదుగా వచ్చు మార్గము తెరచిన పిమ్మట సర్కారు జిల్లాలవారు కొరుక్కుపేట ప్రక్కగా పట్టణము ప్రవేశించుట మొదలైనది. ఇపుడైతే మరింత సులువు. 2019 ఫిబ్రవరి 10న భూగర్భ మెట్రో వాషర్‌మెన్‌పేట్ వరకు వచ్చినది. సెంట్రల్‌లో దిగిన చుట్టము చెమటపట్టకుండ చల్లని బండిలో మూడవ స్టేషనుకు మన గుమ్మము చేరవచ్చును. చలువపేటకు చలువబండి!

2021లో ఆ మార్గము వింకోనగర్ వరకు సాగినపుడు తరువాతి స్టేషనుకు సర్ త్యాగరాయ కళాశాల పేరు పెట్టిరి. 1852లో తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారు చేనేతను వృద్ధిచేయుటకు పాటుపడిరి. పట్టణపు నగరసంస్థకు అధ్యక్షులైరి. 1920 ఎన్నికల పిమ్మట మొదటి మంత్రి పదవి చేతికందినను స్వీకరింపలేదు. త్యాగరాయనగరమునకు పోయి పట్టుచీరె కొను మన ఆడపడుచులు, ఆ పేరుగల మహనీయుడు ఈ ఉత్తరపు పేటలవాడేయని తెలిసికొందురుగాక.

రసాయనములతో బట్ట తెల్లజేయు విద్యను 1785లో బెర్తొలే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టగా, 1799లో టెన్నంట్ చలువపొడిని తయారుచేసెను. పిదప లంకాషైరు మిల్లుల బట్ట వచ్చిపడినది. 1833లో కుంపెనీ వర్తకమే ముగిసినది. పరపుగా బట్టలారిన నేలపై ఇండ్లు లేచినవి. ఎండ మిగిలినది, దాని విలువ తెలిసినవారు తగ్గిరి.

నీటి చిక్కు మాత్రము తగ్గలేదు. 2019 వేసవిలో పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాకము అను నాలుగు చెరువులును ఎండిపోయినవి. బిందెల వరుసలు, ట్యాంకరు లారీలు మనకందరకు గుర్తే. ఆ జూలై 12న జోలార్‌పేట నుండి 25 లక్షల లీటర్ల నీటితో రైలు వచ్చినది. ఇట్టి కష్టమును తలచియే పూర్వము తెలుగుగంగ యేర్పడెను. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ కృష్ణాజలములో తలకు 5 టి.ఎం.సి.లు ఈ పట్టణమునకు విడువ నంగీకరించినవి. 1983లో ఒడంబడిక కుదిరి, 1996లో నీరు వచ్చినది. కండలేరునుండి పూండికి వచ్చు ఆ నీరు ఏటేట ఒకే తీరుగ రాకపోవచ్చును. అయినను మన బిందెలోని నీటిలో కృష్ణవేణి పాలు గలదనుట సత్యము.

నీరు కాలువలో వచ్చును. భాష మనుష్యులతో వచ్చును. 2006నాటి చట్టమువలన పాఠశాలలలో తమిళము తప్పనిసరియైనది. 2016 నాటికి అది పదవ తరగతికి వచ్చినది. మైనారిటీ భాషల పిల్లలు మినహాయింపులకై న్యాయస్థానములకు పోవలసివచ్చినది. తమిళము నేర్చుట మనకు ధర్మమే. మనకు అన్నము పెట్టిన నేల భాష అది. కాని బడిలో తెలుగు సన్నగిల్లినకొలది ఇంటిలో తెలుగు పెరుగవలెను. మా యెరుకలో, ఏడాదిపొడుగున తెలుగు మాటలాడని పిల్లవాడు వేసవిలో అమ్మమ్మ ఊరినుండి వచ్చినపుడు తాటిముంజలు తినుచు నెలలోనే నాలుక త్రిప్పుకొనును. మేనమామ బిడ్డలతో జగడమాడుటకైన తెలుగు రావలెను గదా! బంధువులు రాక మానిన వేసవి ఆ పిల్లవానికి పోయిన వేసవియే.

కావున ఈ సంచిక చదువు కుటుంబములకు మా మనవి. వేసవిలో బంధువులను జంకక పిలువుడు. ఉదయము ఎనిమిదికి లోపల పేట చూపుడు: మింట్ వీధి, సెవెన్ వెల్స్, ఎం.సి. రోడ్డు, రాయపురము స్టేషను. మధ్యాహ్నము కుండనీరు, నన్నారి శరబత్తు, పలుచని మజ్జిగ ఇచ్చి నీడపట్టున నుంచుడు. సముద్రపు గాలి వచ్చిన తరువాత తండయారుపేట వైపు నడిపించి వీరాస్వామయ్యగారి కథ చెప్పుడు. పిల్లలను వెంటనుంచుడు, చెప్పుట తెలుగులో జరుగనిండు. ఎవరైన “మీదే పేట?” అని యడిగినపుడు వారు తలయెత్తి “చాకలిపేట” యనిన, ఎండలో నిలిచి లోకమునకు చలువ నిచ్చినవారి ఋణము కొంతయైన తీరినట్లే.