రాక్షసబల్లుల సినిమా – నేను చెప్పిన తప్పు జవాబు

ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితంలోని ఒక జ్ఞాపకం రాయమని సంఘం కార్యదర్శి గారు కోరారు. గొప్పలు చెప్పుకోవడం కంటె ఒక పొరపాటు దిద్దుకోవడం మేలనిపించింది.

1995లో నేను ముంచింగిపుట్టు ప్రాంతంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు మాస్టారిని. ఓ ఆదివారం వీడియో క్యాసెట్టు తెప్పించి పిల్లలకు ‘జురాసిక్ పార్క్’ చూపించాం. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1993లో అందించిన చిత్రమది. మాటలు ఇంగ్లీషువైనా పిల్లలకు అడ్డు రాలేదు. రాక్షసబల్లి గర్జించేసరికి ముందు వరుస వాళ్లు వెనక్కి పరుగెత్తారు.

ఇలాంటి చిత్రాలకు పెద్ద చరిత్రే ఉంది. 1914లోనే విన్సర్ మెకే ‘గెర్టీ’ అనే రాక్షసబల్లిని బొమ్మలు గీసి నడిపించాడు. 1925 నాటి ‘ది లాస్ట్ వరల్డ్’లో విల్లిస్ ఓబ్రయన్ చిన్న బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమే తీశాడు. స్పీల్‌బర్గ్ నాటికి యంత్రపు బొమ్మలకు కంప్యూటర్ తోడయింది.

సినిమా అయ్యాక ఏడో తరగతి కుర్రాడొకడు “సార్, ఇవి మన కొండల్లో ఉండేవా?” అని అడిగాడు. “మన కొండల్లోనే కాదు, మన దేశంలోనే లేవురా” అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది.

పదవీ విరమణ తరువాత మనుమడితో హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంకు వెళ్లాను. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం మన తెలుగు నేలదే! నాటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి వద్ద 1970 దశకంలో దొరికిన ఎముకలవి; కనీసం 12 జంతువులవి. 1988లో భూవిజ్ఞాని పి.యాదగిరి దానికి ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు. ఆకులు అలములు తిని బతికిన జంతువు. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది, అసలైన జురాసిక్ కాలపుది. సినిమాలో హడలెత్తించిన టి.రెక్స్ మాత్రం దీని తరువాత పది కోట్ల ఏళ్లు గడిచాక గాని పుట్టలేదు.

మరి మన కొండల మాట? తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే రాయి ఖోండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. వందకోట్ల ఏళ్ల క్రితం నాటికే భూగర్భంలో వేడికి, ఒత్తిడికి రూపు మారిన రాయి. రాక్షసబల్లుల కంటె ఎంతో ముందుది కనుక అందులో వాటి ఎముకలు దొరకవు. ప్రాణహిత, గోదావరి లోయలోనైతే ఆనాటి నీటి అడుగున పేరుకున్న మట్టే రాయి కావడంతో ఎముకలు నిలిచాయి.

అంటే నా జవాబులో కొండల ముక్క నిజం, దేశం ముక్క అబద్ధం. నిజమైన ముక్కకు కూడా కారణం చెప్పలేకపోయాను. “మన కొండ రాక్షసబల్లి కంటె పాతదిరా, దాని రాయికి ఇక్కడి గిరిజనుల పేరే ఉంది” అని ఉంటే వాడు ఎంత పొంగిపోయేవాడో! ఇప్పుడు వాడికి నలభై దాటి ఉంటాయి.

మనుమలతో ఇలాంటి సినిమాలు చూసే సభ్యులకు నా మనవి ఒక్కటే. పిల్లలు అడిగింది తెలియకపోతే “కనుక్కుని చెబుతాను” అనండి. ఆ మాట అనలేకపోయినందుకే ఈ నాలుగు ముక్కలు రాశాను.